సాంచ సాంచకూ ఓ వార్పిన్

2016 ఆగస్టు, మంగళవారం, జగిత్యాల. హాజరు: నేను, ఫోన్లు చూసే సుజాత, సిరిసిల్ల నుంచి వచ్చిన లక్ష్మి, ఆమె అత్త రాజవ్వ. ఆనాటి డైరీ పేజీలో మొదటి వరుస ఇది.

గల్ఫ్ కార్మికుల సహాయ కేంద్రం వెబ్‌సైటును అప్పట్లో నేనే చూసేవాణ్ణి. అది పీహెచ్‌పీ అనే కంప్యూటర్ భాషలో రాసిన కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టం; అంటే జాబితాలు, దరఖాస్తులు, ప్రకటనలు అన్నీ ఒకే చోటి నుంచి నడిపే ఏర్పాటు. లక్ష్మి భర్త గాజుల మల్లేశం సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయాక సౌదీ వెళ్లాడు. అక్కడ కంపెనీ మూతపడి క్యాంపులో చిక్కుకున్నాడు. ఉచిత టికెట్టు దరఖాస్తుకు రెండు రోజులే గడువు ఉంది. క్యాంపు జాబితాలో వెతికితే అతని పేరు వస్తోంది. దరఖాస్తు పేజీ మాత్రం అలాంటి మనిషే లేడంటోంది. మూడుసార్లు ప్రయత్నించి, చివరికి అత్తాకోడళ్లు బస్సెక్కి వచ్చారు.

"ఒక కాడ ఉన్నోడు ఇంకో కాడ ఎట్ల లేకుంట పోయిండు సారూ?" అని అడిగింది రాజవ్వ.

కోడ్ తెరిచి చూశాను. తప్పు నాదే. మనవాళ్ల పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుంటుంది. కంపెనీ జాబితాలో వెనకుంటుంది. అంతకుముందు కోరుట్ల మనిషి ఒకరికి ఇదే ఇబ్బంది వస్తే, పేరును రెండు విధాలుగానూ పోల్చేలా సరిచేశాను. కానీ వెతికే పేజీలో మాత్రమే. అదే కోడ్‌ను మరో రెండు పేజీల్లోనూ కాపీ చేసి పెట్టిన సంగతి మరిచాను.

దాచకుండా ఆ మాటే చెప్పాను. రాజవ్వ బతుకంతా సాంచాలు, వాటికి పడుగు చుట్టే వార్పిన్ యంత్రాల మధ్య గడిపిన మనిషి.

"సాంచ సాంచకు ఓ వార్పిన్ పెట్టుకుంటరా? పడుగు ఒక్కకాడ చుడుతరు, ఆ చుట్టిన భీములు అన్ని సాంచలకు పోతయి. గంత చదివి గిదేం పని సారూ?"

సుజాత నవ్వు దాచుకోవడానికి ఫోన్ ఎత్తింది.

ఆ మధ్యాహ్నమే పేర్లు పోల్చే పనిని ఒక్క సర్వీసుగా రాశాను. సర్వీసు అంటే ఒక పనికి ఒకే చోట రాసిన కోడ్. ఏ పేజీకి కావాలన్నా దాన్నే పిలుచుకుంటుంది. మూడు కాపీలూ తీసేశాను. నాలుగు దాటాక మల్లేశం దరఖాస్తు నంబరు తెర మీద కనిపించింది. లక్ష్మి దాన్ని అరచేతిలో రాసుకుంది.

ఒకచోట దిద్దిన తప్పు ఇంకోచోట బతికే ఉంటుందని ఇన్నేళ్ల ఉద్యోగం నేర్పలేదు, రాజవ్వ నేర్పింది. ఆ మేలు మరవలేదు. మెట్లు దిగుతూ ఆమె ఇంకొకటి కూడా అడిగింది: "మావోడు తేలిండు. లేడంటె నమ్మి ఊకున్నోళ్లు ఎందరున్నరో?"

మరునాడు పొద్దున తిరస్కరించిన దరఖాస్తులన్నిటినీ ఆ సర్వీసుతో మళ్లీ పోల్చాను. నాలుగు పేర్లు దొరికాయి. మొదటి ఫోన్ ధర్మపురికి. కేంద్రం పేరు వినగానే అవతలి ఆమె, "మళ్ల లేడనే చెప్తరా సార్?" అంది.

"ఉన్నడు బిడ్డా," అన్నాను. "పాస్‌పోర్టు జిరాక్సు పట్టుకొని రా."