తిప్పయ్య షార్టేజి

మా తిప్పయ్యకు వచ్చిన ఇంగ్లీషు ముక్క ఒక్కటే: షార్టేజి. ఎప్పుడో కరువు పనుల దగ్గర ఎవరో అధికారి నోటి నుంచి జారిపడితే ఏరుకున్నాడు. పోయేదాకా వదల్లేదు.

దాని అర్థం కొరత అని అయిదో తరగతి చదివిన నాకూ తెలుసు. తిప్పయ్య వాడకం వేరు. మబ్బుతునక కనపడని ఏడాది కూడా "వాన షార్టేజి" అనేవాడు. నా వియ్యంకుడు చంద్రమోహన్ నున్నటి తల చూసి, "జుట్టు షార్టేజన్నా" అన్నాడు.

"షార్టేజి కాదప్పా, అసలు లేదు" అన్నాను.

"లేదంటే మనిషి చిన్నబోతాడన్నా. షార్టేజంటే ఇంగ వస్తాదని ఆశ ఉంటాది."

చంద్రమోహన్ తల తడుముకున్నాడు.

నేను రెండుసార్లు సర్పంచిని. ఊరికి కళ్యాణదుర్గం బస్సు తెప్పించింది నేను, బడికి గోడ కట్టించింది నేను. ఇవి చెప్పబోతే తిప్పయ్య ఆవులించి, "వినేటోళ్లు షార్టేజన్నా" అనేవాడు.

ఊళ్లో ఏ విందు జరిగినా ఉగ్రాణం, అదే వంటసరుకుల గది, ఆయన చేతిలోనే. మొదటి బంతి లేవకముందే గడపలో నిలబడి "ఓళిగలు షార్టేజి" అని కేకేసేవాడు. ఓళిగలంటే బొబ్బట్లు. నా షష్టిపూర్తికీ అదే కేక. వియ్యంకుడి ముందు నాకు తల కొట్టేసినట్టయింది.

"నా ఇంట్లో షార్టేజా? తాళంచెవి ఈడ పెట్టు."

పెట్టేసి గడప మీద కూర్చున్నాడు. వద్దన్నవాళ్ల ఆకుల్లోనూ నేనే దగ్గరుండి ఓళిగలు వేయించాను. సర్పంచి చేయి పెద్దదన్నారు.

చివరి బంతిలో డప్పులవాళ్లు, పొద్దున్నుంచి అంట్లు తోమిన ఆడవాళ్లు కూర్చున్నారు. గంపలో చేయి పెడితే అడుగు తగిలింది.

"ఏమన్నా, మాకు తీపి లేదా?" అంది అంట్లు తోమే ఆదిలక్ష్మి.

లేదనలేక ఖాళీ గంపలోనే మళ్లీ చేయి పెట్టాను.

తిప్పయ్య లేచి, బియ్యం మూటల వెనక నుంచి గుడ్డ కప్పిన గంప ఒకటి లాగాడు. నిండా ఓళిగలు. పొయ్యి మీంచి దిగగానే తీసిపెట్టినవి. ఏ విందులోనైనా అంతేనట.

"తినమ్మా. ఈ బంతికి షార్టేజి లేదు."

తాళంచెవి మళ్లీ ఆయన చేతిలో పెట్టాను గానీ, ఒక మంచిమాట చెప్పాలనుకుంటూనే ఏళ్లు గడిపేశాను. బస్సు తెప్పించినవాణ్ణి, అదొక్కటి చేయలేకపోయాను.

మొన్న తిప్పయ్య పోయాక జరిగిన దివసాలకు ఓళిగలు నేనే చేయించాను. మొదటి బంతి సాగుతుండగా ఉగ్రాణం గడపలో నిలబడ్డాను.

"ఓళిగలు షార్టేజి" అన్నాను.

రెండో ఓళిగకు చాచిన చేయి చంద్రమోహన్ వెనక్కి తీసుకుని, తల తడుముకున్నాడు.

"ఉండనీలే బావా," అన్నాడు. "ఆశ ఉంటాది."