శంకరవ్వ గంగాళం

శంకరవ్వ మా క్వార్టర్ల వరసలోకి అడుగుపెట్టిందంటే పిల్లలు మంచాల కిందికి దూరేవాళ్ళు.

"ఎవలే మంచం కింద? పిల్లివైతే మ్యావ్ అను, పిల్లవైతే బయటికి రా!" అని గుమ్మంలోనే నిలబడి కేకేసేది. మంచం కింద నుంచి సన్నగా "మ్యావ్" అని వినబడేది. అంతే, ఒక కాలు దొరకబుచ్చుకుని బయటికి గుంజేది. "ఓయమ్మో, ఈ పిల్లికి బొగ్గంటిందే! గీ పిల్లికి నీళ్ళు పొయ్యాలె."

బెల్లంపల్లిలో బొగ్గుగనిని బాయి అంటారు. ఆ బాయి క్వార్టర్లలో పిల్లలకు నీళ్ళు పోయడం శంకరవ్వ పని. ఊరు చొప్పదండి పక్కన పల్లె. రజాకార్ల గడ్‌బడ్ సద్దుమణిగిన ఏడు మొగుడు నాగయ్య వెంట ఇక్కడికి వచ్చింది. అతనిది బాయిలో బొగ్గు నింపే పని. సాయంత్రం ఇంటికొస్తే కళ్ళూ పళ్ళూ తప్ప ఏమీ కనబడేది కాదట. "రోజూ ఆయన ఈపు తోమీ తోమీ నా చెయ్యి తిరిగింది బిడ్డా. అంత నల్లటోన్ని తెల్లగ జేసినదాన్ని, నీ బిడ్డ నాకెంత?" అని నవ్వేది. పక్కింట్లో బాలింత జ్వరంతో పడుకుంటే పసిగుడ్డుకు నీళ్ళు పోసింది. అక్కడినుంచి ఇల్లిల్లూ పిలిచింది. బీహారు వాళ్ళ ఇంట్లో వచ్చీరాని హిందీ, చాందా నుంచి వచ్చినవాళ్ళతో మరాఠీ ముక్కలు, మా ఇంట్లో మా భాష. ఆమె నీళ్ళు పోసిన మగపిల్లలు కొందరు ఇప్పుడు బాయిలోకే దిగుతున్నారు. "ఎదురైతే సిగ్గుకు తొవ్వ మార్చుకుంటరు. నేను చూడందేమున్నదిరా అంటే ఉరుకుడే ఉరుకుడు" అనేది.

ఆమె ఆస్తి ఒక ఇత్తడి గంగాళం. మూడేళ్ళ పిల్ల కాళ్ళు ముడుచుకుని హాయిగా కూర్చునేంతది. నాగయ్య కరీంనగర్‌లో కొని బస్సు మీద వేయించి తెచ్చాడు. దాన్ని బోర్లించి నెత్తిన పెట్టుకుని వస్తుంటే గంగాళానికే కాళ్ళు మొలిచినట్టుండేది. ఎండాకాలం మా నల్లాలు కాసేపు వచ్చి పోతాయి. బొగ్గు దుమ్ము మాత్రం రోజంతా పడుతుంది. అందుకని పిల్లను గంగాళంలో కూర్చోబెట్టి, రోజు విడిచి రోజు కుంకుడు రసంతో తలకు పోసేది. ఆ నీళ్ళు అందులోనే నిలిచేవి, నురగతో పిల్లలు ఆడుకునేవాళ్ళు. నీళ్ళు కలిసొచ్చేవి, ఏడుపూ తగ్గేది. ఇంతకన్నా ఏం కావాలి?

మా అనసూర్యకు మూడేళ్ళు నిండిన ఆ వేసవిలోనే సమస్య మొదలైంది. ఆడుకుంటూ ఆడుకుంటూ ఆగిపోయి, కాళ్ళు పెనవేసుకుని నిలబడేది. ఒంటికి పోదాం రమ్మంటే గోడకు అతుక్కుపోయేది. బలవంతాన కూర్చోబెడితే నాలుగు బొట్లు పోసి కీచుమని లేచేది.

"ఏమైంది తల్లీ?"

"కారం."

"ఎక్కడ?"

వేలు పెట్టి తొడల మధ్య చూపించేది. చూస్తే పైన చర్మమంతా ఎర్రగా కంది ఉంది. నేను హైదరాబాదులో రసాయనశాస్త్రం చదువుకున్నదాన్ని. చదువు ఇలాంటప్పుడు ధైర్యం ఇస్తుందనుకుంటారు గానీ, నాకు జబ్బుల పేర్లు మాత్రమే గుర్తొచ్చాయి. క్రిములనీ, మూత్రపిండాలనీ ఏవేవో ఆలోచిస్తూ కూర్చున్నాను. బాయిలో సర్వేయరుగా ఉన్న మావారు కొండల్‌రావు దవాఖాన నుంచి గాయాలు కడిగే మందు తెచ్చారు. ఘాటైన వాసన. ఆ వాసన చూస్తేనే ఏ క్రిమీ బతకదనిపించింది. రెండు పూటలా చెంబెడు నీళ్ళలో అది కలిపి కడిగాం. పాప ఇంకా ఎక్కువ ఏడ్చింది.

శంకరవ్వది ఇంకో మాట. "ఉడుకు జేసింది బిడ్డా. ఎండలు చూస్తలేవా? సబ్జ గింజలు నానబెట్టి తాగియ్యి, సలువ జేస్తది. ఫికర్ జెయ్యకు, నేను మంచిగ కడుగుత గద." ఆమె మంచిగా కడగడమంటే గంగాళంలో ఇంకాసేపు కూర్చోబెట్టడం.

ఎర్రగా ఉందని కడిగాం. కడిగితే ఇంకా ఎర్రబడింది. అది చూసి మళ్ళీ కడిగాం.

ఇంతలో పక్కింటి మల్లక్క గోడ మీదుగా ఒక మాట విసిరింది. "పిల్ల కారం కారమంటాంది, మీకు సమజైతలేదా? శంకరవ్వ పోరగాండ్లను ఏమని బెదిరిస్తది? అల్లరి జేస్తే కారం పెడ్త అంటది. పెట్టిందో ఏమో!"

ఆ బెదిరింపు నిజమే. నేనూ విన్నాను. మా అమ్మ నన్నూ అలాగే బెదిరించేది. ఎవరూ పెట్టరు. కానీ ఆ మాట వరసంతా తిరిగింది. ఒక ఇంట్లో శంకరవ్వను రేపు రమ్మన్నారు, ఇంకో ఇంట్లో తలుపే తీయలేదు. ఇది ఇంకొన్నాళ్ళు సాగితే ఆమెను పిలిచే ఇల్లు ఒక్కటీ మిగలదు. తలుపులు ఎందుకు మూసుకుంటున్నాయో ఆమెకు ఇంకా తెలియదు. ఆ మర్నాడే చెల్లెలి కూతురి పెళ్ళికని చొప్పదండి పోయింది.

నేను పాపను దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ గుంటూరు వైపు మనిషి. ముందు పాప బొమ్మకు వైద్యం చేసింది. బొమ్మ కడుపు నొక్కి, నాలుక చాపమని చెప్పింది. తర్వాత నన్నే పాపను ఒళ్ళో పడుకోబెట్టుకోమని, "అమ్మ ఇక్కడే ఉంది, నేను ఊరికే చూస్తాను" అని పాపకు చెప్పి చూసింది. జ్వరం లేదు, చీము లేదు, చెడు వాసన లేదు. పడుకున్నాక వెనకవైపు గీరుకుంటుందా అని అడిగింది, నులిపురుగులేమోనని. లేదన్నాను. మూత్రం పరీక్ష చేయించింది. అందులోనూ దోషం కనబడలేదు.

"అమ్మాయికి రోగమేం లేదమ్మా. ఈ వయసు ఆడపిల్లలకి అక్కడి చర్మం ఉల్లిపొరలాంటిది. ఏదో తగిలి ఒరిసింది. ఒరిసినచోట మూత్రం తగిలితే మంట. మంటకి భయపడి ఆపుకుంటుంది. ఆపుకుంటే మూత్రం చిక్కబడి ఇంకా మంట. మీరేం పూస్తున్నారు?"

చెప్పాను. ఆమె నెత్తి పట్టుకుంది.

"పెద్దవాళ్ళ గాయాల మందు పసిదానికా! ఈరోజే మానేయండి. ఉత్త గోరువెచ్చని నీళ్ళు చాలు. రుద్దొద్దు, మెత్తటి గుడ్డతో అద్దండి. దొడ్డికి పోయినప్పుడు ముందునుంచి వెనక్కి కడగండి, వెనకనుంచి ముందుకి కాదు. నీళ్ళు బాగా తాగించండి. ఒంటికి కూర్చున్నప్పుడు చెంబుతో నీళ్ళు పోస్తూ ఉంటే మంట తెలియదు. వదులు నూలు లాగులే వేయండి. కొంచెం కొబ్బరినూనె రాయండి. జ్వరం వచ్చినా, చీము, రక్తం కనబడినా, అసలు పోయకపోయినా వెంటనే తీసుకురండి."

"ఏం తగిలి ఒరిసిందంటారు?"

"అది నాకెలా తెలుస్తుంది? సబ్బో, బట్టలకు పట్టిన సోడానో, మీ మందో. ఏడవడానికి ముందు పిల్లకి ఏం జరుగుతోందో చూడండి. ఇంట్లో ఉండేది మీరు కదా."

చెప్పినట్టే చేశాం. చెంబు ధార పోస్తుంటే పాప మొదటిసారి భయపడకుండా పోసింది. నాలుగు రోజుల్లో ఎరుపు తగ్గింది. మల్లక్క గోడ మీద మోచేతులానించింది. "చూసినవా? శంకరవ్వ లేకపాయె, మంట లేకపాయె."

మావారూ అదే అన్నారు. "కొన్నాళ్ళు ఆమెను వద్దందాం."

నాకు ఒప్పబుద్ధి కాలేదు. "మందు కూడా అప్పుడే మానేశాం కదండీ. రెండూ ఒక్కసారే ఆగితే దేనివల్ల తగ్గిందో ఎలా తెలుస్తుంది?" అన్నాను. మాట అలా అన్నాను గానీ, నా చేతుల్లో ఉన్నది పరీక్షనాళిక కాదు, నా బిడ్డ.

శంకరవ్వ తిరిగొచ్చిన పొద్దున గంగాళం నెత్తిన పెట్టుకుని మా గేటు దగ్గరే ఆగిపోయింది. పిల్లి కేక లేదు. గంగాళం దించలేదు.

"మల్లక్కోళ్ళు తలుపేసుకున్నరు. నేను పిల్లలకు కారం పెడ్తన్నట. నువ్వు గూడ గట్లనే అనుకుంటున్నవా బిడ్డా? అనుకుంటే మొఖం మీద చెప్పు. గీ గంగాళం ఈడ్నే బోర్లేసి మా ఊరికి పోత."

అబద్ధం చెప్పలేకపోయాను. "పెట్టినవని అనుకుంటలే శంకరవ్వా. కానీ దేనితోటి మంటైతుందో నాకు తెల్వది. నువ్వు ఎప్పటి లెక్కనే నీళ్ళు పొయ్యి, నేను పక్కన కూసొని చూస్త."

"చూడు. మంచిగ చూడు" అని గంగాళం దించింది. దించిన చప్పుడుకు కోళ్ళు చెదిరాయి.

అనసూర్యను కూర్చోబెట్టింది. మోచెయ్యి ముంచి నీళ్ళ వేడి చూసుకుంది. ఒంటికి పట్టించిన నూనె మృదువుగా తుడిచింది. ఆ చేతులు చూస్తుంటే నాకే సిగ్గేసింది. అంత నెమ్మదిగా నేనెప్పుడూ నా బిడ్డను తాకలేదేమో. తర్వాత కుంకుడు రసం తలమీద పోసి రుద్దింది. నురగ నుదుటి మీదుగా జారింది.

"అమ్మో! కండ్లల్ల కారం! కారం!"

"కారమేడిదే? మిరపకాయ బజ్జీనా నువ్వు?" అంటూ శంకరవ్వ తడిగుడ్డతో కళ్ళు తుడిచింది. ఈ కేక ప్రతి ఇంట్లో, ప్రతి తలస్నానానికీ వినేదే. ఎవరూ పట్టించుకోరు.

నురగ గంగాళంలోకి దిగి పాప నడుము దాకా నిలిచింది. పాప దాన్ని చేతులతో పట్టి ఊదుతూ ఆడుకుంది. ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి లేచి నిలబడింది. తొడలు దగ్గరికి నొక్కుకుంది.

"ఈడ గూడ కారం!"

*గూడ.* ఆ ఒక్క మాట దగ్గర నేను లేచి నిలబడ్డాను. ఇన్నాళ్ళూ పిల్ల చెబుతూనే ఉంది. కళ్ళలో మండేదీ అక్కడ మండేదీ ఒకటేనని దానికి తెలుసు, అందుకే రెండింటికీ ఒకే పేరు పెట్టింది. పెద్దవాళ్ళం మాకే ఆ మాట వంటింట్లోది అనిపించింది.

పాపను ఎత్తి బయట నిలబెట్టి మంచినీళ్ళు ధారగా పోశాను. ఏడుపు సన్నగిల్లి ఆగిపోయింది.

"కుంకుడు శంకరవ్వా! నూనెను ఇరగ్గొట్టే గుణం దానికి. చర్మం మీదుండే జిడ్డంతా తీసేస్తది. తలకైతే పోసి కడిగేస్తం. కింద అట్లనే నాననిస్తున్నం గద."

"కుంకుడా? బంగారి గుండ్లు దాంతోనే కడుగుతం. తళతళ మెరుస్తయి."

"గుండ్లు మెరవాలె. పిల్ల తోలు గుండ్లా?"

ఆమె నమ్మలేదు. నాతో వాదించనూ లేదు. వంగి గంగాళంలోంచి గుప్పెడు నురగ తీసి, నేను అయ్యో అనేలోపే తన కుడికంట్లో పెట్టుకుంది.

"అమ్మ నీ యవ్వ!" అంటూ గంతేసింది. "కారమే! సచ్చిన బిడ్డా, నిజంగ కారమే!" ఒక కన్ను మూసుకుని వాకిట్లో గుండ్రంగా తిరుగుతుంటే, ఏడుపు మరిచిన అనసూర్య చప్పట్లు కొట్టింది. "శంకరవ్వా, కారమేడిదే? బజ్జీవా నువ్వు?"

కళ్ళు కడుక్కుని గట్టుమీద కూర్చున్నాక ఆమె నవ్వు పోయింది. "చంటి పిల్లలప్పుడు కాళ్ళ మీదేసుకొని పోస్తుంటిని. నీళ్ళు పోసింది పోసినట్టు జారిపోతుండె. ఒక్క పిల్ల గూడ గిట్లనలే. గీ గంగాళమొచ్చినంకనే..." ఆ ఇత్తడి అంచును అరచేత్తో తుడిచింది.

"నీళ్ళు లేక చేసినవ్. నీ తప్పేమున్నది" అన్నాను.

"తప్పు కాకపోతె గూడ పిల్ల ఏడ్చింది గద బిడ్డా" అంది.

తర్వాత లేచి, ఎర్రటి కంటితో నేరుగా మల్లక్క ఇంటికి నడిచింది. నేనూ పాపనెత్తుకుని వెంట పోయాను.

"మల్లక్కా, తలుపు తియ్! నా కన్ను చూడు. కారం నేను పెట్టలే, కుంకుడు పెట్టింది. సర్వేయర్ దొరసాని సాచ్చం. నమ్మకుంటె ఇగో, తెచ్చిన, నీ కంట్ల గూడ పెట్టుకో."

తలుపు సందులోంచి మల్లక్క ఆ చేతిలోని నురగనూ కంటినీ చూసింది. "కన్ను ఎర్రబడితె పడ్డది గని, నోరు మాత్రం తగ్గలే నీది. దా, లోపటికి దా. మా చిన్నోడు మంచం కిందున్నడు" అని పక్కకు జరిగింది.

ఆనాటి నుంచి పద్ధతి మారింది. పిల్ల నిలబడి ముందుకు వంగాలి, కుంకుడు నీళ్ళు నేరుగా మోరీలోకి పోవాలి. ఆ తర్వాతే ఒంటికి మంచినీళ్ళు. గంగాళంలో ఇప్పుడు తేటనీళ్ళే ఉంటాయి, పిల్లలు ఉండరు. మగపిల్లలకు ముందుచర్మం వెనక్కి లాగి కడిగే అలవాటు కూడా, అది దానంతటది వదులయ్యేదాకా లాగొద్దని డాక్టరమ్మ చెబితే, మానేసింది. "పెద్దగైనంక వాడే చూసుకుంటడు, మనకేం తొందర" అని తల్లులకు తనే చెబుతోంది.

వంగి నిలబడటం మా అనసూర్యకు నచ్చలేదు. చంటిపిల్లల్లా కాళ్ళమీద పడుకుంటానని మారాం. "గింత గాడిదను కాళ్ళ మీదేసుకోమంటవా? నా మోకాళ్ళు బాయిలకు పోతయి!" అని తిడుతూనే శంకరవ్వ గోడకానుకుని కాళ్ళు చాచింది. పాప ఆ కాళ్ళ మీద ఆకాశం చూస్తూ పడుకుంది. తల కిందికి వాలింది. నురగ జుట్టులోంచి జారి దూరంగా పారిపోయింది. కళ్ళలోకి కూడా పోలేదు.

నిన్న మధ్యాహ్నం ఆటలో ఉండగా పాప తనంతట తనే మోరీ దగ్గరికి పరుగెత్తి కూర్చుంది. చెంబు తెమ్మని పిలవలేదు. లేచి వరసంతా వినబడేలా అరిచింది: "కారం లేదూ!"

మూడిళ్ళ అవతల నుంచి శంకరవ్వ గొంతు వచ్చింది. "లేకుంటె లేకపాయె, ఊరంత చాటకే! మల్లక్క గిన్నెడు కారం బదులు తెచ్చిస్తది!"