విత్తనానికి దాచిన ఆవాలు

మీ తాతయ్య మైలవరం పొలంలో ఏటా గట్టు వెంట కాసిని ఆవాలు చల్లుకునేవారు. వాళ్లమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న రకం. గింజ సన్నం, ఘాటెక్కువ.

కిందటి చలికాలం పరిశోధన కేంద్రం నుంచి ఒకమ్మాయి వచ్చి ఆ పూలని ఫొటోలు తీసుకుంది. క్యాబేజీ, ముల్లంగి, ఆవాలు అన్నీ ఒకే కుటుంబమట. పువ్వుకి నాలుగే రేకులు, అదే గుర్తట. పాత రకాలు పోగుచేసి, ఏది ఏ శాఖదో తేల్చి, వాటిని కలిపి కొత్త వంగడాలు తయారుచేస్తారట.

"పంట కోశాక గింజలిస్తానమ్మా," అన్నారు తాతయ్య.

కోశారు, ఎండబెట్టారు, విత్తనానికని సీసాలో పోశారు. ఆ నెలలోనే పోయారు.

మనిషి పోయిన ఏడాది మన ఇంట్లో ఆవకాయ పెట్టకూడదు. అందుకని మీ చిన్నమామ్మ, నా తోటికోడలు, విజయవాడలో తనింట్లో మనకీ కలిపి పెడతానని వచ్చింది.

"మీ ఆవాలే పట్టుకెళ్తానక్కా. బజారువి వేస్తే బావగారు పైనుంచి కూడా వంకలు పెడతారు," అంది.

నేను కూర్చున్నచోటే ఉన్నాను. వంటింటి డబ్బాలోవీ, విత్తనాల సీసాలోవీ కలిపి తీసుకెళ్లింది. ఇక చల్లేదెవరనుకుంది పాపం. తర్వాత జాడీ, మిగిలిన ఆవపిండీ తెచ్చిచ్చింది. ఆ ఆవకాయ తిన్నాను. రుచేమీ తెలియలేదు.

వానలు తగ్గాక ఆ అమ్మాయి గింజల కోసం వచ్చింది. చిన్నమామ్మ ఆ రోజు ఇక్కడే ఉంది.

"అయ్యో, అన్నీ ఆడించేశానే! పిండైతే ఉంది, పనికొస్తుందా?"

"ఏ శాఖో చెప్పడానికి పిండి చాలండీ. కానీ మొలవదు కదండీ," అందా అమ్మాయి. కాస్త కవర్లో పోసుకుని వెళ్లింది.

"తప్పు చేశానా అక్కా?"

"లేదులే," అన్నాను. నాకు ఏడుపు కూడా రాలేదు.

మొన్న ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మగారూ, మీ పిండి పరీక్ష చేశాం. మా దగ్గరున్న ఏ రకంతోనూ ఇది సరిపోలట్లేదండీ. గట్టు మీద రాలిన గింజేదైనా మొలిచిందేమో కాస్త చూడరూ?"

పొలం కౌలుకిచ్చేశాం. కౌలుకి చేస్తున్నతన్ని అడిగాను.

"గట్లన్నిటికీ కలుపు మందు కొట్టేశామండీ. గడ్డి కూడా లేదు," అన్నాడు.

ఆ మాటే ఆ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. "అయితే ఇంక ఎక్కడా లేనట్టేనండీ," అంది.

"అన్నం తిన్నావా అమ్మా?" అని అడిగాను.