డాక్టరమ్మ మెడలో మొలతాడు

దుబాయ్ అల్ ఖూజ్‌లో కంపెనీల బోర్డులు లేవకముందే కుక్కలు వీధులు పంచేసుకున్నాయి. టైర్ల షాపు ముందు జాగా నల్లదానిది. కెఫెటేరియా వెనక సందు బక్కదానిది. లేబర్ క్యాంపు గేటు మాత్రం, తోక సగం తెగిన ఎర్రకుక్కది. ఒకదాని హద్దులోకి ఇంకొకటి వస్తే వీధి వీధంతా పంచాయితీ. పొద్దున్నే కంపెనీ బస్సులు కదిలితే అవి కొంతదూరం వెంట ఉరికి, ఇంతవరకే మా బాధ్యత అన్నట్టు వెనక్కి తిరిగేవి. తిట్టేవాళ్ళు తిట్టేవాళ్ళే, రొట్టెముక్క విసిరేవాళ్ళు విసిరేవాళ్ళే. ఎనభై ఒకటో సంవత్సరం నాటి మాట ఇది.

ఆ క్యాంపులో భోజన్న అని ఒకడుండేవాడు. మెట్‌పల్లి దిక్కు మనిషి, సలాకలు కట్టే పని. నాలుగో అంతస్తులో వేలెడు లావు ఇనుప సలాకల మీద పొలంగట్టు మీద నడిచినట్టు నడిచేవాడు. అలాంటి మొనగాడికి ఎదురుగా కుక్క కనబడితే కాళ్ళు కట్టేసినట్టయ్యేది. చిన్నప్పుడు వాడి మేనమామను పిచ్చికుక్క కరిచింది. నీళ్ళచెంబు చూసి కేకలు పెడుతూ ఆయన పోవడం, తలుపు సందులోంచి భోజన్న చూశాడు. భయం పోవాలని తల్లి వాడి మొలతాడుకు తాయెత్తు కట్టింది. ఇరవై ఏళ్ళకు తాయెత్తు అరిగింది గానీ భయం అరగలేదు. జేబులో ఎప్పుడూ నాలుగు రాళ్ళు వేసుకుని తిరిగేవాడు. గేటు దాటేటప్పుడల్లా ఎర్రకుక్కకు ఒక రాయి తప్పేది కాదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం కెఫెటేరియా నుంచి వస్తున్నాడు. నల్లకుక్క వెనకాలే వస్తున్నట్టు అనిపించి, దాన్ని చూస్తూ వెనక్కి వెనక్కి నడిచాడు. అలా నడిచి నడిచి, బస్సు నీడలో హాయిగా పడుకున్న ఎర్రకుక్క కాలు తొక్కాడు. మొరిగే కుక్క కరవదంటారు. ఇది మొరగలేదు. పిక్క పట్టేసింది.

"సంపుర్రి దాన్ని!" అని భోజన్న పెట్టిన కేకకు క్యాంపంతా పారలూ సలాకలూ పట్టుకుని ఉరికింది. ముందు వరుసలో వాడి ఊరివాడు, గదిలో పక్క మంచంవాడు హన్మంతు. క్యాంపు చూసుకునే జిలానీ బాషా, కడప మనిషి, భోజన్నను పికప్‌లో ఎక్కించుకుని ఆస్పత్రికి తోలాడు.

అక్కడి నర్సు లీదియాది నర్సాపురం. పిక్కను కొళాయి కింద పెట్టి సబ్బుతో కడిగి కడిగి వదిలిపెట్టింది. డాక్టరు చూసి, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, ఇవాళ్టి నుంచే మొదలన్నాడు. కరిచిన కుక్క పదిరోజులు నిక్షేపంగా ఉంటే దానికి పిచ్చి లేనట్టే, అప్పుడు సూదులు ఆపేద్దామన్నాడు.

"కుక్కేదండీ?" అంది లీదియా.

"ఇంకేడిది సిస్టరమ్మా? మావోల్లు ఈపాటికి సంపే ఉంటరు."

"అయ్యబాబోయ్! చంపేస్తే మీకు భయం లేదని చెప్పేదెవరండీ? వెళ్ళండి, ముందు దాన్ని బతికించుకోండి!"

తిరుగుదారిలో భోజన్నకు అదే ఆలోచన. కుక్క పోతే తనకు బతుకో చావో చెప్పే దిక్కే లేదు. ప్రతి రాత్రీ నీళ్ళగ్లాసు చూసి వణుకుతూ పడుకోవాలి. దేవుడా, దానికి నా ఆయుష్షు పోసి బతికించు అని మొక్కుకున్నాడు.

ఎర్రకుక్క తెలివైనది. కంటైనర్ కిందికి దూరి పళ్ళు చూపిస్తోంది. హన్మంతు నేల మీద బోర్లా పడుకుని సలాకతో పొడుస్తున్నాడు. భోజన్న పికప్ ఆగకముందే దూకి, కుంటుకుంటూ పోయి వాడి చేతిలో సలాక గుంజుకున్నాడు.

"దాన్ని ముట్టుకుంటే మంచిగుండది చెప్తున్న! అది సస్తే నేను గూడ సచ్చినట్టే!"

"నువ్వే సంపుమంటివి కదరా?"

"గది గప్పటి ముచ్చట!"

కుక్కకాటుకు చెప్పుదెబ్బ అని సామెత. భోజన్న కుక్కకాటుకు కోడికూర పెట్టాడు. జిలానీ బాషా ఎర మాంసం వేసి, తాడు బిగించి, దాన్ని మెస్సు వెనక రేకుల కింద కట్టేశాడు. ఎవరు ఏం పెడతారో, ఏ ఎముక గొంతులో అడ్డం పడుతుందోనని, మేపే పని భోజన్న ఇంకెవరికీ ఇవ్వలేదు. మొదటి రోజు నిలువెత్తు సలాకతో పళ్ళెం తోశాడు. తర్వాత పార కర్రతో. తర్వాత గరిటెతో. ఒక సాయంత్రం గరిటె మర్చిపోయి, చేత్తోనే తోసి, తోసిన తర్వాత గుర్తొచ్చి అక్కడే చతికిలబడ్డాడు. కుక్క అన్నం మానేసి వాడి చెయ్యి నాకింది. వాడి ఒళ్ళు జల్లుమంది, చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

క్యాంపులో పలకరింపే మారిపోయింది. భోజన్నా, సూది నొప్పెట్లుంది అనే మనిషి లేడు. "కుక్క మంచిగున్నదా? తిన్నదా? తాగిందా?" అందరిదీ అదే మాట. ఆస్పత్రిలో లీదియా కూడా సూది ఎక్కిస్తూ, "మన డాక్టరమ్మ ఎలా ఉందండీ?" అనేది. ఎర్రకుక్కకు ఆ పేరే ఖాయమైపోయింది.

గడువు రెండు రోజులుందనగా, సైటుకు మధ్యాహ్నం భోజనాల పికప్ తెచ్చిన డ్రైవరు ఒక కబురు కూడా తెచ్చాడు. వీధికుక్కల్ని ఏరేసే బండి క్యాంపు సందులోకి తిరిగిందట. భోజన్న చేతిలో కటింగ్ ప్లేయర్ అక్కడే పడింది. ఫోర్‌మన్ కేకలేస్తున్నా వినకుండా పికప్ ఎక్కేశాడు. అడగకుండా సైటు దిగితే మరుసటి విమానంలో ఇంటికే అని వాడికి తెలుసు. ప్రాణం ఉంటే కదా విమానం అనుకున్నాడు. వాడి వెనకే హన్మంతు కూడా దూకి ఎక్కాడు.

వెళ్ళేసరికి డాక్టరమ్మ మెడలో ఉచ్చు పడింది. బండి మనిషి, పెషావర్ పఠాన్, దాన్ని ఈడుస్తున్నాడు. పక్కన జిలానీ బాషా బతిమాలుతున్నాడు. భోజన్న ఆగలేదు, ఆలోచించలేదు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి కుక్కను ముట్టనివాడు, పోయి రెండు చేతులతో దాన్ని కౌగిలించుకుని నేల మీద కూర్చున్నాడు.

"తుమ్హారా కుత్తా హై?" అన్నాడు పఠాన్.

"కుత్తా నహీ భాయ్, మేరా డాక్టర్ హై!" అని భోజన్న చొక్కా ఎత్తి చూపించాడు. బొడ్డు చుట్టూ సూదిగుర్తులు ఎర్రగా వాచి ఉన్నాయి. ఆ గుర్తుల అర్థం పెషావర్‌లోనూ ఒకటే, మెట్‌పల్లిలోనూ ఒకటే. పఠాన్ మొహం మెత్తబడింది. ఉచ్చు వదులు చేశాడు. అయితే మెడలో పట్టీ లేని కుక్కను వదలడానికి తనకు హుకుం లేదన్నాడు. ఏదో ఒకటి కట్టు, నేను చూశానని చెప్పుకుంటా అన్నాడు.

పట్టీ ఎక్కడిది? భోజన్న అటూ ఇటూ చూసి, నడుము దగ్గర తడుముకుని, ముడి విప్పి మొలతాడు బయటికి లాగాడు. హన్మంతు వాడి చెయ్యి పట్టుకున్నాడు.

"అరేయ్, మొలతాడు తీస్తవారా? సచ్చినోనికి తీస్తరు గది!"

"బతికెటందుకే తీస్తున్న. నా పానం గిప్పుడు గీ మెడలనే ఉన్నది."

అమ్మ కట్టిన తాయెత్తుతో సహా నల్ల మొలతాడును రెండు పేటలు చేసి డాక్టరమ్మ మెడకు కట్టాడు. పఠాన్ సలాం కొట్టి బండి తిప్పుకుని పోయాడు. సాయంత్రం ఫోర్‌మన్ మండిపడుతూ క్యాంపుకు వచ్చాడు. సంగతి విన్నాడు. కాసేపు మీసం దువ్వుకుని, "కుక్క మంచిగుందా?" అని అడిగి వెళ్ళిపోయాడు.

గడువు తీరిన పొద్దున, డాక్టరమ్మను ఎక్కించుకున్న పికప్ ఆస్పత్రి ముందు ఆగింది. దాని వెనక కంపెనీ బస్సు. పనికి పోవలసిన బస్సును జిలానీ బాషా ఇటు తిప్పించాడు. "ముదీర్ అడిగితే నేను చెప్పుకుంటా, పదండప్పా!" అన్నాడట, మేనేజరుకు కూడా భయపడకుండా. మెట్ల దగ్గరే డాక్టరు కుక్కను అన్ని వైపులా చూశాడు. లీదియా స్టీలు గిన్నె నిండా నీళ్ళు తెచ్చి ముందు పెట్టింది.

బస్సెడు మంది గిన్నె చుట్టూ మూగారు. భోజన్నకు తలుపు సందు, మేనమామ, ఆ చెంబు కళ్ళముందుకు వచ్చాయి. డాక్టరమ్మ గిన్నెను వాసన చూసింది. భోజన్న వైపు చూసింది. తర్వాత తల వంచి చప్పుడు చేస్తూ తాగడం మొదలుపెట్టింది. గిన్నె అడుగు కనబడేదాకా తాగి, సగం తోక ఊపింది.

"ఖలాస్! సూదులు అక్కర్లేదు" అన్నాడు డాక్టరు.

ఈలలు, కేకలు. హన్మంతు భోజన్నను భుజం మీదికి ఎత్తుకున్నాడు. లీదియా నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. భోజన్న కిందికి దిగి, అదే గిన్నె మళ్ళీ నింపమని, తను కూడా గటగటా తాగాడు. ఇన్నేళ్ళలో నీళ్ళు ఇంత తియ్యగా ఉంటాయని వాడికి తెలియదు.

తిరుగుదారిలో పికప్ ముందు సీట్లో, భోజన్న ఒళ్ళో కూర్చుని డాక్టరమ్మ ఊరేగింది. సందు మొదట్లో నల్లది, బక్కది అడ్డం వచ్చి మొరిగాయి. పాత అలవాటున భోజన్న చెయ్యి జేబులోకి పోయింది. గుప్పెట నిండా రాళ్ళు. కిటికీలోంచి వాటిని రోడ్డు పక్కన పారబోసి, జేబు దులిపి, గొంతెత్తి అరిచాడు:

"యల్లా, జరుగుర్రి! మా డాక్టరమ్మ వస్తున్నది!"