మా బావ కొలిచిన వీధి

మా బావ పోయాడన్న కబురు నాకు మీటింగులో తెలిసింది. గద్వాల చుట్టూ వేయబోయే బైపాసు రోడ్డు పటం బల్ల మీద పరిచి ఉంది. ఎర్ర గీత ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో పెద్ద ఇంజినీరు గారికి వేలు పెట్టి చూపిస్తున్నాను. సాయంత్రం నాలుగై ఉంటుంది. ఫోను రెండుసార్లు మోగితే కట్ చేశాను. మూడోసారి ఎత్తాను. అక్క కూతురు. "మామా, నాయిన పోయిండు," అంది. ఆ తర్వాత ఏడుపు తప్ప మాట లేదు.

నా వేలు పటం మీద అలాగే ఉండిపోయింది. అది ఆగిన చోటు మా బావ గీసిన మలుపు. దుఃఖం వచ్చింది, అబద్ధం చెప్పను. కానీ దానికంటే ఒక అడుగు ముందు ఇంకో ఆలోచన వచ్చింది. ఈ మలుపు ఎవరిదో చెప్పగలిగిన మనిషి ఇక లేడు అనుకున్నాను. ఆ క్షణాన నా గుండె కొంచెం తేలికపడింది కూడా. ఇలాంటివాడు స్మృతి రాయడమేమిటని మీరు అడగవచ్చు. బావ బతికుండగా ఆయన ముందు ఒప్పుకోవలసిన మాట ఒకటి ఒప్పుకోలేదు. అందుకే రాస్తున్నాను.

మాది వీపనగండ్ల. బావది మల్దకల్ దగ్గర మెట్ట సేద్యం చేసుకునే ఇల్లు. పదో తరగతితో చదువు ఆపి, రోడ్డు పనుల్లో కూలీగా చేరి, తట్టలు మోసి, చివరికి మా ఆఫీసులో వర్క్ ఇన్‌స్పెక్టర్ అయ్యాడు. నేను ఇంజినీరింగు చదివి అదే ఆఫీసుకు ఆయన మీద అధికారిగా వచ్చాను. ఇంట్లో ఆయన పెద్ద, ఆఫీసులో నేను పెద్ద. నన్ను చూడగానే లేచి నిలబడి "నమస్తే సార్" అనేవాడు. సాయంత్రం అక్క వాళ్లింటికి పోతే, "ఏందిరా బామ్మర్దీ, ఇయ్యాల ఎన్ని సంతకాలు గీకినవ్?" అని నవ్వేవాడు. నాకు రెండూ గిట్టేవి కావు. ఆఫీసులో సార్ అంటే ఎగతాళిలా తోచేది, ఇంట్లో ఎగతాళి చేస్తే అదే నిజమేమో అనిపించేది.

నాకు ఆయనంటే అసూయ. ఇప్పుడు దాచి ఏం లాభం. పొలంలో బోరు ఎక్కడ వేయాలన్నా, బండి ఏది కొనాలన్నా, ఆఖరికి నాకు పిల్లను చూసినప్పుడు కూడా మా అమ్మ మొదటి మాట ఒకటే. "మీ బావను అడిగినవా?" కన్నది నన్ను, నమ్మింది అల్లుణ్ణి. బజారులోనూ అంతే. ఆయనతో కలిసి గద్వాల కోట ముందు నుంచి బస్టాండుకు నడిస్తే పది నిమిషాల దూరానికి గంట పట్టేది. ఆటోవాళ్లు, కండక్టర్లు, చీరల దుకాణాలవాళ్లు, అందరూ ఆపి పలకరించేవాళ్లు. నా జీపు ఎంత హారన్ కొట్టినా పక్కకు జరగని ఆటోలు ఆయన చెయ్యెత్తితే జరిగేవి. టీ తాగితే సగం సాసరులో పోసి పక్కన ఎవరుంటే వాళ్ల ముందుకు జరిపేవాడు. ఆ సగం టీ కోసం ఆయన పక్కన కూర్చునేవాళ్లు ఎప్పుడూ ఇద్దరు ముగ్గురుండేవారు. నేను కప్పు నిండా ఇప్పించినా నా పక్కన ఎవరూ నిలిచేవారు కారు.

ఆయనకో వింత అలవాటు ఉండేది. కొత్త తోవ దేన్నయినా చూడాలంటే నీళ్లు నింపిన క్యాను ఒకటి భుజానికెత్తుకుని ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నడిచేవాడు. టేపు, కొలిచే మిషను అన్నీ నా దగ్గరుండగా ఈ మోత ఏమిటని విసుక్కునేవాణ్ణి. "ఉత్త చేతులతోటి పోతే అన్ని తోవలు మంచిగనే ఉంటయి సార్. భుజం మీద బరువుంటేనే గుంత ఎక్కడుందో తెలుస్తది," అనేవాడు. ఇంకో మాట కూడా తరచుగా అనేవాడు. "తోవ ఎవరిదని అడగొద్దు. ఏ యాళకు ఎవరిదని అడుగు." నేను దాన్ని పట్టించుకోలేదు. చదువుకోనివాళ్లు సామెతలు చెప్పుకుంటారులే అనుకున్నాను.

గద్వాల రద్దీ సంగతి అక్కడికి వచ్చినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పత్తి విత్తనాల కాలంలో ట్రాక్టర్లన్నీ ఊళ్లోకే వస్తాయి. కర్నూలు బస్సు, రాయచూరు బస్సు ఎదురెదురుగా వచ్చి నిలబడితే రెండింటి మధ్య ఆటోలు ఇరుక్కుంటాయి. అందుకే ఊరి చుట్టూ బైపాసు, దానికి ఊళ్లోంచి ఒక కలుపు రోడ్డు అని పథకం పెట్టారు. కలుపు రోడ్డుకు ఏ వీధిని వెడల్పు చేయాలో తేల్చే పని కొన్నేళ్ల కింద నా మీద పడింది. బావకు చెప్పకుండా నేనొక్కణ్ణే చేయాలని పట్టుపట్టాను. ఒక్క రోడ్డన్నా నా పేరు మీద ఉండాలి, "మీ బావను అడిగినవా" అనే మాట దాని దగ్గర వినపడకూడదు. నా ఆశ అంతే.

బజారు వెనక నేతగాళ్ల వీధి ఒకటి ఉంది. పొడుగ్గా, తిన్నగా ఉంటుంది. వరసగా మూడు రోజులు పొద్దున్నే పోయి ఆ వీధి మొదట్లో ఒక అరుగు మీద కూర్చుని బండ్లు లెక్కపెట్టాను. మా ఫారంలో సైకిలు, మోటారు సైకిలు, ఆటో, కారు, బస్సు, లారీ, ట్రాక్టరు, ఎడ్లబండి, పాదచారి అని గడులుంటాయి. ఆ వీధిలోకి ఒక్క బండి కూడా రాలేదు. ఎందుకు రాలేదో నా కళ్ల ముందే ఉంది. మగ్గం ఎక్కించే ముందు పడుగు దారాలను వీధి పొడవునా కర్రల మీద సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెడతారు. పొద్దున ఆరు నుంచి పది దాకా వీధంతా ఆ దారాలే. ఇంటిల్లిపాదీ వాటి వెంబడే అటూ ఇటూ తిరుగుతూ ఉంటారు. వాళ్లు వీధి దాటి పోవడం లేదు కాబట్టి పాదచారుల గడిలోనూ వేయలేదు. పడుగుకు గడి లేదు. అన్నిట్లో సున్నాలు చుట్టి, కింద నా చేతితో రాశాను: "వీధి ఖాళీగా ఉన్నది. వెడల్పు చేసి రద్దీని ఇటు మళ్లించవచ్చును." దానితో ఒక వైపు అరుగులన్నీ పోతాయి, పడుగు వేసుకునే చోటే ఉండదు. అది నాకు తెలియక కాదు. నాకు తోవ దొరికిందన్న సంబరమే ఎక్కువైంది.

నా బల్ల మీద ఆ వీధి పటం బావ కంట పడింది.

"సార్, ఈ వీధిల నడిచిన్రా?" అని అడిగాడు.

"కూర్చొని లెక్కపెట్టిన. సరిపోదా?"

"మంచిది సార్," అని వెళ్లిపోయాడు.

పెద్ద ఇంజినీరు గారు పదకొండు గంటలకు వీధి చూడటానికి రావాలి. ఆ వేళకు కర్రలు తీసేస్తారు, వీధి నున్నగా కనిపిస్తుంది. తీరా ఆ రోజు పొద్దున ఏడింటికే జీపు మా ఇంటి ముందు ఆగింది. ముందు సీట్లో పెద్ద ఇంజినీరు గారు, వెనక బావ. ఎండ ముదరక ముందే చూస్తే బాగుంటుందని బావ డ్రైవరుతో చెప్పించాడట. వీధి మొదట్లోనే జీపు ఆగిపోయింది. చివరి దాకా పడుగు పరిచి ఉంది.

"జరగండ్రి, బండి పోవాలె," అన్నాడు డ్రైవరు.

కుంచె పట్టుకున్న ఒక ముసలాయన తలెత్తాడు. "ఎట్ల పోతది బిడ్డా? గంజి ఆరలేదు. ఇప్పుడు లేపితే పోగులన్ని అంటుకపోతయి. జర పది దాటినంక రా."

"ఇది రోజూ ఉంటుందా?" అని పెద్ద ఇంజినీరు గారు నా వైపు తిరిగారు. వీధి ఖాళీ అని రాసిన ఫైలు నా చంకలోనే ఉంది. 

"ఇది చూపెట్టనీకే మా సారు మిమ్ముల పొద్దుగాల రమ్మన్నరు సార్," అన్నాడు బావ నా వెనక నుంచి. "బండ్ల లెక్కల ఇది కానరాదు. తోవ పొద్దుగాల వీళ్లది, పది దాటినంక అందరిది. ఇది గాక ఇంకో తోవ గూడ సారు చూసి పెట్టిన్రు." జేబులోంచి పెళ్లి శుభలేఖ తీశాడు. దాని వెనక పెన్సిలుతో గీసిన పటం. వీధి చివర, బజారు రోడ్డు కూడా వచ్చి కలిసే ఊరి పొలిమేరలో మొదలై, చేల గట్ల వెంట పోయే పాత బండ్లబాట. అది ఒక మలుపు తిరిగి బైపాసులో కలుస్తుంది. అందులో ఎన్నిసార్లు క్యాను మోశాడో నాకు తెలియదు. పెద్ద ఇంజినీరు గారు నా భుజం తట్టి, "మంచి పని చేశావయ్యా," అన్నారు. ఆ మధ్యాహ్నమే పాత కాగితాలు చింపి కొత్తవి రాశాను. కింద సంతకం నాది.

ఎనిమిది రోజులు బావతో మాట్లాడలేదు. ఆయన తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాణ్ణి. కాపాడినవాణ్ణి ఏమని తిట్టను? తొమ్మిదో రోజు ఆయనే మా ఇంటికి వచ్చాడు.

"ఏందిరా, మూతి ముడుసుకున్నవ్?"

"అందరి ముందట నా తప్పు ఎందుకు చెప్పకపోతివి?"

"తప్పు నీ ఒక్కనిదైతే చెప్పేటోణ్ణే. ఫారంల గూడ తప్పుంది గద," అని టీ సాసరులో పోసి నా ముందుకు జరిపాడు. తప్పులో కూడా సగం ఆయనే పంచుకున్నాడు. నా తప్పన్నా నాకు పూర్తిగా మిగలలేదని ఆ రోజు ఏడ్చినంత పని చేశాను. ఆ సాసరు ముట్టుకోలేదు.

కిందటి నెల కర్నూలు దవాఖానకు ఆయన్ను చూడటానికి పోయాను. ఈసారి ఎట్లాగైనా చెప్పాలనుకున్నాను. నీ గీతకు నా పేరు పెట్టుకున్నాను, అందరి ముందు ఆ మాట చెప్తాను అని. మంచం చుట్టూ జనం. ఒకామె కాళ్లు ఒత్తుతోంది, ఆమె ఎవరో అక్కకు కూడా తెలియదు. నేను పడిపోతే ఇంతమంది వస్తారా అని లెక్క వేసుకుంటూ గోడకు నిలబడ్డాను. "రోడ్డు ముచ్చట ఏమాయె సార్?" అని నీరసంగా అడిగాడు. "ఫైలు నడుస్తున్నది," అన్నాను.  అదే మా చివరి మాట.

పోయాడన్న కబురు వచ్చిన తెల్లవారి తొమ్మిదింటికి గద్వాలలో అక్క వాళ్లింటి నుంచి పాడె లేచింది. బజారు రోడ్డు మీద అప్పటికే ట్రాక్టర్లు నిలిచిపోయి ఉన్నాయి. ఎటు పోవాలని తర్జనభర్జన పడుతుంటే ఆ కుంచె ముసలాయన ముందుకొచ్చాడు.

"మా వీధికెళ్లి తీస్కపోండ్రి."

"పడుగులు?" అన్నాను.

"ఇయ్యాల ఎయ్యలేదు."

ముందు కుడి వైపు బొంగు నా భుజం మీద ఉంది. ఆ వీధిలో నేను నడవడం అదే మొదటిసారి. కర్రలన్నీ గోడలకు ఆనించి ఉన్నాయి. జనమంతా అరుగుల మీద నిలబడ్డారు. నడుమకు రాగానే నా కాలు మడత పడింది. "మెల్లగ సార్, గుంత ఉంది," అన్నారు వెనక నుంచి. మూడు రోజులు కూర్చుని చూసినా ఆ గుంత నాకు కనపడలేదు.

వీధి దాటాక, పాత బండ్లబాట మొదలయ్యే చోట పాడె దించారు. ప్రాణం ఏ మూలనైనా ఉంటే పలుకుతాడని, అయినవాళ్లు చెవిలో మూడుసార్లు పిలుస్తారు. అక్క కూతురు పిలిచింది. తర్వాత నేను వంగాను. బావా అన్నాను. మళ్లీ బావా అన్నాను. మూడోసారి, "బావా, వీధి ఖాళీ అని రాసింది నేనే. ఈ తోవ నీదే," అన్నాను. అందరికీ వినపడింది.

ముసలాయన నన్ను లేపి నిలబెట్టాడు. "నువ్వు కూసోని రాసింది మా అరుగు మీదనే గద సారూ. మాకు తెల్వదా? నీ బావ అప్పుడే ఇల్లిల్లు తిరిగి చెప్పిండు. 'మా బామ్మర్ది మంచోడు, ఇంక నేర్చుకుంటుండు, జర ఎవ్వరు ఏమనకుండ్రి' అని."

ఇన్నేళ్లూ ఆ వీధిలో ఒక్కరూ నన్ను ఒక్క మాట అనలేదు. అది నా హోదాకు ఇచ్చిన మర్యాద అనుకున్నాను. ఆయన మీద అసూయ ఇప్పటికీ పోలేదు. ఎట్లా పోతుంది, నా కోసం ఇల్లిల్లూ తిరిగిన మనిషి కూడా ఆయనే.

పాడె మళ్లీ ఎత్తాం. వెనక్కి చూడకూడదంటారు, నేను చూశాను. తొమ్మిదిన్నర అయి ఉంటుంది. కర్రలు గోడలకే ఉన్నాయి, ఎవరూ అరుగు దిగలేదు. ఆ పొద్దు వీధి నిజంగానే ఖాళీగా ఉంది.