ఎర్రపట్టీల గౌను

మావాడు కొత్తగా కొన్న బండి తాళంచెవికి ఒక ఎర్రగుడ్డ పట్టీ వేలాడుతోంది. ఎగిరేముందు దీన్ని తీసేయండి అని దానిమీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు. బెంగళూరు ఫుట్‌పాత్ మీద కుప్పపోసి అమ్ముతున్నారట. చేతిలోకి తీసుకున్నానో లేదో, కొత్తగుడ్డ గంజివాసన గుప్పుమని, అమ్మ కుట్టుమిషన్ గుర్తొచ్చింది.

మా ఊరు కేజీఎఫ్‌లో బంగారు గనులు మూతపడ్డాక నాన్న తెల్లారకముందే రైలెక్కి బెంగళూరుకు వాచ్‌మన్ పనికి పోయేవాడు. అమ్మ గనికూలీల వరసల్లోని మా లైన్ ఇంట్లో, రేకుల కప్పు కింద, మిషన్ మీద ఈ పట్టీలే కుట్టేది. నిలిపి ఉంచిన విమానంలోకి దుమ్మూ కందిరీగలూ దూరకుండా మూతలు పెడతారు, చక్రాల దగ్గర పిన్నులు గుచ్చుతారు. అవి తీయడం మరిచి ఎగిరితే ప్రాణాలకే ముప్పు గనుక, కంటబడేలా వాటికి ఎర్రపట్టీ కడతారు. పని తెచ్చిచ్చే మేస్త్రీ మా చర్చివాడే, ఇదంతా ఆయనే చెప్పాడు. అచ్చు వంకరపోయిన పట్టీలు కూడా వెనక్కి ఇచ్చేయాలని కట్టడి. చెడ్డ పట్టీ ఒకటి విమానానికి చేరి, తెగి రాలిపోతే, అక్కడ పిన్ను ఉందని ఎవరికీ తెలియదట.

డిసెంబరు వచ్చిందంటే మా లైన్లనిండా కల్‌కల్, గులాబీపువ్వులు అనే క్రిస్మస్ పిండివంటలు వేగే కమ్మటి వాసన, గుమ్మాలకు కాగితపు నక్షత్రాలు, బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బల మీంచి గాలి మోసుకొచ్చి వాటన్నిటిమీదా పోసే ధూళి. ఆ ఏడు చెల్లికి కొత్తబట్టల్లేవు. అమ్మ అచ్చు చెడిన పట్టీలు ఒక్కొక్కటే దాచి, అక్షరాలు లోపలికి తిప్పి, అంచుకు అంచు కలిపి గౌను కుట్టింది. పండగనాడు చర్చి ముంగిట చెల్లి సంబరంగా గిర్రున తిరిగింది. గౌను అంచు పైకి లేచి, లోపలి అక్షరాలు మేస్త్రీ కంటబడ్డాయి.

ఆయన అరవలేదు. అమ్మను పక్కకు పిలిచి, "రూలు నాది కాదమ్మా. ముక్కలన్నీ ఈ పొద్దే ఇచ్చేయాల," అన్నాడు.

ఇంటికొచ్చి అమ్మ గౌను విప్పించి, బ్లేడుతో కుట్లు ఊడదీసి, ముక్కముక్కా ఇస్త్రీ చేసి మూటకట్టింది. చెల్లి స్కూలు యూనిఫారం వేసుకుని గోడవైపు తిరిగి కూర్చుంది, కల్‌కల్ ఒక్కటీ ముట్టలేదు. "బట్ట వాళ్ళది గదా పాపా," అని మాత్రం అంది అమ్మ. మూట ఇచ్చినా పని మళ్ళీ రాలేదు.

ఆ రూలు తప్పని ఇప్పటికీ అనను, విమానంలో ఉండేవీ ప్రాణాలే. కానీ గనిలో పనిచేసిన మా తాత ఊపిరితిత్తుల్లోకి పోయిన ధూళికి ఎవడు లెక్క అడిగాడు? ఊరి కడుపు కొట్టి గని మూసినవాళ్ళను ఎవడు నిలదీశాడు? లోకంలోని కట్టడి అంతా పసిదాని గౌను దగ్గరే గుర్తొచ్చింది. థూ, ఏం న్యాయం!

ఇప్పుడు ఆ ఇల్లూ లేదు, మిషనూ లేదు, నాన్నా లేడు. అమ్మ నా దగ్గరే ఉంటుంది, నిన్నటి మాట ఆమెకు ఇవాళ గుర్తుండదు. పొద్దున బల్లమీది తాళంచెవి తీసుకుని, పట్టీని తిరగేసి, అంచు కుట్టు వేలితో తడిమి చూసింది. తర్వాత మావాణ్ణి పిలిచి వాడి గుప్పిట్లో పెట్టి మూసింది.

"పోయి ఇచ్చేసి రాప్పా. లేకుంటే పాప గౌను మళ్ళా ఊడదీయమంటారు."