పెనుకొండలో ఎక్కాల్సిన మనిషి

పెద్ద నగరాల్లో రోడ్డు నడిమధ్యన బస్సులకు మాత్రమే ఒక దారి కడుతున్నారు. కారుగానీ లారీగానీ ఆటోగానీ అందులోకి రాకూడదు. హిందూపురం కూడా పెరుగుతోంది కాబట్టి మనకూ అలాంటిది ఎందుకు కావాలో నాలుగు పేజీలు రాసివ్వమని మా పేట సంఘం వాళ్లు అడిగారు. "నువ్వు కళ్లారా చూసినోనివి కదా పెద్దాయనా" అన్నారు. కళ్లారా చూశానని వాళ్లతో చెప్పింది నేనే. చూడలేదు. మా మేనల్లుడు కంపెనీ పని మీద ఏదో దూరదేశం పోయి చూసొచ్చి చెప్పాడు. విన్నదానికి నేను నాలుగు బస్సులు చేర్చాను.

అయితే ఆ దారి లేకపోతే ఏమవుతుందో మాత్రం నిజంగానే చూశాను. రెండువేల మూడు ప్రాంతంలో, ఒక గురువారం నాడు, హిందూపురం నుంచి ధర్మవరం వెళ్లి తిరిగి రావడంలో చూశాను. ఆ ప్రయాణమే రాస్తాను. మీరెప్పుడైనా ఆ దారిన పోతే పనికొస్తుంది.

ఎనిమిదిన్నర బస్సుకు ఎనిమిదికే బస్టాండు చేరాను. బస్సు ఇంకా మలుపు తిరుగుతుండగానే కిటికీలోంచి లోపలికి తువ్వాలు విసిరాను. మన వైపు బస్సెక్కిన ప్రతివాళ్లకూ తెలిసిన చట్టమిది: తువ్వాలు పడితే సీటు పడినట్టే. డెబ్బై ఏళ్ల వయసులో ముప్పై అడుగుల దూరం నుంచి విసిరాను. సరే, ఆరడుగులు. ఎడమవైపు ఇద్దరు కూర్చునే సీటు దొరికింది. ఈ దారిలో ఉదయం పోయేటప్పుడూ ఎడమవైపే కూర్చోండి, సాయంత్రం వచ్చేటప్పుడూ ఎడమవైపే. ఎండ రెండుసార్లూ కుడివైపు వాళ్లదే.

కిటికీ పక్కన తువ్వాలు పరిచి, ఈ చివర నేను కూర్చున్నాను. తువ్వాలు నాగప్ప కోసం. నాగప్పా నేనూ ముప్పై ఏళ్లు చింతపండు మండీలో కలిసి పనిచేశాం. అతను కాటా వేసేవాడు, నేను రాసేవాణ్ణి. పని మానుకున్నాక పెనుకొండలో సొంతింటికి వెళ్లిపోయాడు. నెల రోజులుగా అతనికి ఛాతీ పట్టేస్తోంది, నాలుగడుగులు వేస్తే చెమటలు. బెంగళూరు నుంచి ఒక గుండె డాక్టరు ప్రతి గురువారం ధర్మవరం వచ్చి, పన్నెండు దాకా చూసి, ఒంటిగంట రైలుకు వెళ్లిపోతాడు. ఈ వారం తప్పకుండా చూపించాలని నాగప్ప భార్య రత్నమ్మ నాకు కబురు చేసింది. ఆ వేళకు పనికొచ్చే రైలు లేదు. పెనుకొండలో బస్సెక్కితే నిలబడే పోవాలి, నాగప్ప నిలబడలేడు. హిందూపురంలోనే సీటు పట్టి తెస్తానని మాటిచ్చాను. తొమ్మిదీ ముప్పావుకు పెనుకొండ, పదకొండుంబావుకు ధర్మవరం. లెక్క సరిగ్గానే ఉంది.

ఎనిమిదీ నలభైకి మార్కెట్ దగ్గర బస్సు ఆగింది. ముందు చింతపండు బస్తాల ఎద్దుబండ్లు, వాటి ముందు వెనక్కి తిరుగుతున్న లారీ, సందుల్లో ఆటోలు. మూడు గంటలు అక్కడే ఉన్నామని చాలామందికి చెప్పాను. గంటా పది నిమిషాలు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. హారన్లు కొట్టీ కొట్టీ అందరూ మానేశాక ఒక నిశ్శబ్దం వచ్చింది. అంతమంది మనుషుల మధ్య అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

అప్పటికే బస్సు నిండిపోయి జనం నిలబడి ఉన్నారు. నా పక్కన నిలబడ్డది గొర్రెలు అమ్మి ఇంటికి పోతున్న ముదిగుబ్బ మనిషి, ఓబులేసు. పొద్దుపోక అతనికి, మేనల్లుడు అప్పుడే చూసొచ్చి చెప్పిన బస్సుల దారి గురించి చెప్పాను. టికెట్టు ముందే తీసుకుంటారు, బస్సు ఎత్తుకు సరిగ్గా కట్టిన అరుగు మీద నిలబడితే చాలు, ముసలివాళ్లు మెట్లెక్కే పనిలేదు, ఐదు నిమిషాలకొక బస్సు, పక్కన ఎన్ని బండ్లు ఆగినా దాని దారి దానిదే, రోగుల బండి వస్తే దానికీ అదే దారి అన్నాను.

"ఆ దారిలో గొర్రెల్ని తోలచ్చునా?" అన్నాడు ఓబులేసు.

"తోలకూడదు."

"అట్లయితే మాకేం లాభమప్పా?"

"నువ్వు కూచోని పోవచ్చు. ఐదు నిమిషాలకొక బస్సొస్తే తువ్వాలు యేసే పనే ఉండదు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అతని చూపు తువ్వాలు మీద పడింది.

"ఇది ఎవరికి?"

"పెనుకొండలో ఎక్కుతాడు."

"పెనుకొండలో ఎక్కేటోనికి హిందూపురంలో సీటా? యాడన్నా ఉండాదా ఇది? జరుగు పెద్దాయనా."

న్యాయం అతని వైపే ఉంది. తువ్వాలు చట్టం ఎక్కిన ఊరి వరకే. నాలుగైదు గొంతులు అతనికి తోడయ్యాయి. నాగప్ప సీటు పోయేలా ఉంది. అప్పుడు నేను గొంతు తగ్గించాను. పెద్ద అబద్ధానికి చిన్న గొంతు కావాలి.

"జరుగుతాను. కానీ చెప్పలేదని అనద్దండి. ఒక గురువారం ఇదే బస్సు కోసం పెనుకొండలో ఒకాయన నిలబడినాడు, ఆసుపత్రికి పోవల్లని. బస్సు ఈడనే ఇట్లనే ఆగిపోయింది. అది ఆడికి చేరేసరికి ఆయన లేడు. అప్పట్నుంచి గురువారం నాడు ఈ సీట్లో ఎవరూ కూచోరు. పోయిన నెల ఒకడు కూచున్న్యాడు. సోమందేపల్లి దాటినాక వానికి మాట పడిపోయింది."

ఓబులేసు చెయ్యి సీటు కమ్మీ మీద నుంచి మెల్లగా జారింది. కండక్టరు వింటూనే ఉన్నాడు. అతను ఖండిస్తాడనుకున్నాను. అతనేమో దగ్గరికి వచ్చి, "నేను ఈ రూటుకు కొత్త పెద్దాయనా. డిపోలో ఎవరూ చెప్పలా" అన్నాడు. అన్నవాడు సీటును తాకకుండా పక్కకు ఒదిగి వెళ్లాడు.

తొమ్మిదీ యాభైకి బస్సు కదిలింది. సోమందేపల్లిలో ఇంకో పదిమంది ఎక్కారు. ఎక్కినవాళ్లకు ముందున్నవాళ్లు చెవిలో చెప్పారు. ఒకరి మీద ఒకరు పడుతున్నారు కానీ ఆ సీటు వైపు జానెడు జాగా వదిలే నిలబడ్డారు. గుంత వచ్చినప్పుడల్లా ఖాళీ దిండు కిందికి దిగి, మళ్లీ నెమ్మదిగా పైకి లేస్తోంది. బరువు లేని దిండు అంత నెమ్మదిగా లేవకూడదనిపించింది. నవ్వుకుందామనుకున్నాను, నవ్వు రాలేదు.

పదకొండుకు పెనుకొండ. కొండ కింద ఎండ తెల్లగా ఉంది. నాగప్ప లేడు. రత్నమ్మ ఒక్కతే చెట్టు నీడన రాతి మీద కూర్చుని ఉంది. దిగి పరుగెత్తాను.

"ఆయన యాడమ్మా?"

"గంట సేపు నిలబడినాడన్నా. మళ్ల నిలబడలేక కూలబడినాడు. ఎవురో శనక్కాయల లారీ ఆయన చూసి, ఎక్కించుకోని ధర్మవరం పొయినాడు. నాకు జాగా లేదనినారు. మొగం నల్లగా అయిపొయిండాది. నువ్వు పో అన్నా, తొందరగా పో. నేను ఈడనే ఉంటా. ఏ సంగతీ నాకొచ్చి చెప్పు."

బస్సు హారన్ కొట్టింది. ఎక్కాను. ఒంటరిగా ఎక్కానని అందరూ చూశారు. కిందనే కూర్చున్న ఆడమనిషిని కూడా చూశారు.

నేను కల్పించింది ఏమిటి, జరుగుతున్నది ఏమిటి? పెనుకొండ మనిషి, ఆసుపత్రి, ఆలస్యమైన బస్సు. ఒక్క చావు తప్ప అన్నీ వరసగా వచ్చేశాయి. తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకుని గట్టిగా అన్నాను, "అయ్యా, నేను చెప్పిందంతా అబద్ధం. మా స్నేహితుని కోసం చెప్పినా. ఆయన లారీలో పొయినాడు. కూచోండి ఎవరన్నా."

ఓబులేసు నా భుజం మీద చెయ్యి వేశాడు. "వద్దులే పెద్దాయనా. నువ్వు భయపడి ఇట్ల చెప్తాండావు. ఆయమ్మను మేమూ చూసినాము. ఆయన కోసం ఇంగా కాసుకోనే ఉండాది, పాపం."

దారిలో వచ్చే కొత్తచెరువులో బజ్జీలు బాగుంటాయని రాయాలి, బాగుంటాయి కూడా. ఆ రోజు నేను తినలేదు. ధర్మవరం పన్నెండూ ముప్పై అయిదుకు చేరాం. డాక్టరు కూర్చునే గది తాళం వేసి ఉంది. "ఇప్పుడే స్టేషనుకు పొయినారు" అన్నాడు వాచ్‌మన్. "ఒక ముసలాయన్ను గూడా పట్టుకోని పోయినారు." పట్టుకుని అంటే ఎలా అని అడగడానికి ధైర్యం చాలలేదు. ఆటో ఎక్కాను. పట్టుచీరల మూటలు కట్టిన సైకిళ్లు, స్కూటర్ల మధ్య ఆటో పాకుతూ పోయింది.

ప్లాట్‌ఫారం మీద బెంచీలో నాగప్ప పడుకుని ఉన్నాడు. కళ్లు మూసి ఉన్నాయి. డాక్టరు అతని మణికట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను నాలుగడుగుల దూరంలో ఆగిపోయాను. ఆ నాలుగడుగులు వేయలేకపోయాను.

నాగప్ప కళ్లు తెరిచాడు. "వచ్చినావా? సీటు పట్టినావా?"

"పట్టినా."

"మంచిది. నిలబడలేకపొయినా రా."

లారీ అతన్ని పన్నెండుకు పది నిమిషాల ముందు దించిందట. ఈ రోజే బెంగళూరు తీసుకుపోవాలి, ఇంకో వారం ఆగే గుండె కాదు అన్నాడు డాక్టరు. తన వెంటే తీసుకుపోతానన్నాడు. నేనూ వస్తానంటే నాగప్ప ఒప్పుకోలేదు. "నువ్వు పోయి దానికి చెప్పు. అది ఆ రాతి మీదనే కూచోనుంటాది. బర్రెకు నీళ్లు పెట్టిందో లేదో అడుగు." డాక్టరు వెంట వచ్చిన కాంపౌండరు, నేను చెరో చెయ్యి పట్టి ఎక్కించాం. ఆ రైలు పెనుకొండలో ఆగదు.

మూడు గంటల బస్సు రాలేదు. నాలుగున్నరకు వచ్చింది పొద్దున్నదే, అదే కండక్టరు. ఎక్కగానే అదే సీటు ఖాళీగా కనిపించింది. దాని మీద ఎవరో మూర మల్లెపూలు పెట్టారు. కిటికీ కమ్మీకి పసుపు దారం కట్టి ఉంది. పక్కన కూర్చోబోతే, వెనక సీట్లో చీరల మూట పట్టుకున్న మగ్గాల అవ్వ నన్ను ఆపింది.

"ఆడ వద్దు నాయనా. అది పెనుకొండాయన సీటు. ఆయన పెండ్లాము ఇంగా బస్టాండులోనే కూచోనుంటాదంట, మొగుడు వస్తాడని. అందరికీ కనపడదంట."

నా అబద్ధానికి నేను లేనప్పుడు భార్య కూడా పుట్టింది. "అది నేను కల్పించిందవ్వా" అన్నాను. "అట్ల అనద్దు, తప్పు" అని లెంపలు వేసుకుంది.

ఆరుంబావుకు పెనుకొండ. వెలుగు పోతోంది, కొండ నల్లబడింది. బస్సు ఆగీ ఆగకముందే రత్నమ్మ మెట్లెక్కింది. పొద్దుటి నుంచి ఎండలో కూర్చున్న మనిషి, జుట్టు రేగి ఉంది. ఒక్కొక్క సీటూ వెతుక్కుంటూ వస్తోంది. ఆమె ముందుకు వచ్చేకొద్దీ జనం వెనక్కి జరిగారు. కండక్టరు చేతిలో టికెట్ల కట్ట అలాగే ఉండిపోయింది. నన్ను చూసి ఆమె ఆగింది, ఖాళీ సీటును చూసింది, పూలను చూసింది.

"ఆయన యాడన్నా?"

"బతికుండాడమ్మా. డాక్టరు తన వెంట రైల్లో బెంగళూరు తీసకపొయినాడు."

అబద్ధం చెప్పి ఆమెను ఊరడిస్తున్నానని అందరి మొహాల్లోనూ రాసి ఉంది. రత్నమ్మ ఆ మొహాలన్నీ చూసింది.

"నువ్వు చెప్పేదాంట్లో ఎప్పుడూ రూపాయికి పావలానే నిజం గదన్నా," అంది మెల్లగా. "ఇందులో నిజమెంత?"

ముప్పై ఏళ్లుగా నాగప్ప ఇంట్లో కూర్చుని నేను చెప్పిన గొప్పలన్నీ ఒక్కసారిగా నాకు అడ్డంగా నిలబడ్డాయి. ఒట్టు వేయబోయాను. నా ఒట్లు ఆమెకు తెలుసు. రైలు, డాక్టరు, కాంపౌండరు, ఏది చెప్పినా నేను కల్పించేవిలాగే ఉన్నాయి.

"బర్రెకు నీళ్లు పెట్టినావో లేదో అడగమన్న్యాడు," అన్నాను.

"చస్తా గూడా బర్రె గురించేనా ఆయనకు," అని ఏడుస్తూనే నవ్వింది. తర్వాత వంగి, సీటు మీది మల్లెపూలు తీసింది. తీసి, రేగిన జుట్టు చేత్తో సవరించుకుని, కొప్పులో తురుముకుని ఆ సీట్లో కూర్చుంది. వెనక అవ్వ "అయ్యో" అనబోయి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"హిందూపురంలో బెంగళూరు రైలు ఎన్నింటికన్నా?"

"ఎనిమిదికి."

ఏడున్నరకు హిందూపురం పొలిమేరలో బస్సు మళ్లీ ఆగిపోయింది. ఇద్దరం దిగి నడిచాం. దారి పొడుగునా ఆగిన బండ్ల దీపాలు, వాటి మధ్య ఒక్క మనిషి పట్టేంత సందు. స్టేషను మెట్ల దాకా ఆమె నాకంటే ముందే నడిచింది. రైలు అందింది.

నాగప్ప ఆ తర్వాత ఐదేళ్లు బతికాడని రాయబోయాను. రెండేళ్లు. ఆ రెండేళ్లు పేరు కూడా తెలియని ఒక లారీ డ్రైవరు ఇచ్చినవి. బస్సు ఇవ్వాల్సినవి. సంఘం వాళ్లు నాలుగు పేజీలు అడిగారు. కొలతలూ ఖర్చులూ తెలిసినవాళ్లు రాస్తారు. నేను చూసింది ఇది.